ఎవరు ఎవరిని వదిలేశారు?

చదువు మధ్యలో ఆగిపోయిన అమ్మాయి గురించి మన కాలేజీ రికార్డుల్లో ఒకటే మాట కనిపిస్తుంది: డ్రాపవుట్. ఆ మాట ప్రకారం జరిగిందంతా అమ్మాయి చేసిందే. ఆమె మానేసింది. ఆమె తట్టుకోలేకపోయింది. ఆమె ఇంటికి వెళ్లిపోయింది. కాలేజీ ఏమీ చెయ్యలేదు, ఎక్కడున్నది అక్కడే ఉంది. ఈ మాట ఇంత సహజంగా వినిపించడం వెనక నూట పాతికేళ్లకు పైబడిన చరిత్ర ఉంది. నాకు తెలిసినంతలో ఆ చరిత్రను అందరికన్నా స్పష్టంగా చెప్పగలిగినవాళ్లు అమెరికా మూలవాసీ స్త్రీలు. వాళ్ల చదువుల కథను వరసగా చూస్తే, చదువులో నిలదొక్కుకోవడమంటే ఏమిటో ఇంతకాలం ఒకే వైపు నుంచి చెబుతూ వచ్చారని తెలుస్తుంది.

1879లో పెన్సిల్వేనియాలోని కార్లైల్ అనే ఊళ్లో, పాత సైనిక బారకాసుల్లో మూలవాసీ పిల్లల కోసం ఒక హాస్టల్ స్కూలు మొదలైంది. స్థాపకుడు రిచర్డ్ హెన్రీ ప్రాట్ సైన్యాధికారి. వాళ్లలోని ఇండియన్‌ని చంపితేనే మనిషి దక్కుతాడని 1892లో ఒక సభలో బాహాటంగానే చెప్పాడు. పిల్లల్ని కన్నవాళ్లకు వందల మైళ్ల దూరం తీసుకుపోవడం, జుట్టు కత్తిరించడం, పేరు మార్చడం, సొంత భాష మాట్లాడితే శిక్షించడం ఆ చదువులో మొదటి పాఠాలు. సగం రోజు చదువు, సగం రోజు పని. ఆడపిల్లలకు కుట్టు, వంట, బట్టలుతకడం, ఇస్త్రీ. కొంతకాలం తెల్లవాళ్ల ఇళ్లలో ఉండి పని చెయ్యడం కూడా శిక్షణలో భాగమే. మర్యాదస్తురాలైన ఇల్లాలి ఆదర్శాన్ని పాఠంగా చెప్పి, ఆ ఇల్లాలి వంటింట్లోకి పనిమనిషిని పంపించారన్నమాట.

కార్లైల్ 1918లో మూతపడింది. దాన్ని చూసి పెట్టిన స్కూళ్లు మాత్రం చాలాకాలం నడిచాయి. 1819 నుంచి 1969 దాకా ఇలాంటివి 417 ఉండేవని, వాటిలో కనీసం 973 మంది పిల్లలు చనిపోయారని 2024లో అమెరికా ఇంటీరియర్ శాఖ నివేదిక తేల్చింది. ఆ విచారణ జరిపించిన అప్పటి మంత్రి డెబ్ హాలండ్ లగూనా ప్యూబ్లో సమూహానికి చెందిన స్త్రీ. అదే ఏడాది అక్టోబరులో అధ్యక్షుడు బైడెన్ ఈ స్కూళ్ల విషయంలో దేశం తరఫున క్షమాపణ చెప్పాడు. ఇంటికి తిరిగిరాని ఆ పిల్లల్ని ఏ రిజిస్టరు ఏ పేరుతో లెక్కపెట్టిందో ఆలోచిస్తే, హాజరుపట్టీలంటేనే భయం వేస్తుంది.

ఈ చదువు లోపలి నుంచి మొదట గట్టిగా మాట్లాడిన గొంతుల్లో జిట్కాలా షాది ఒకటి. 1876లో దక్షిణ డకోటాలోని యాంక్టన్ రిజర్వేషన్‌లో పుట్టింది. బడిలో ఆమె పేరు గర్ట్రూడ్ సిమన్స్. జిట్కాలా షా అంటే లకోటా భాషలో ఎర్రపిట్ట. ఈ పేరు పెద్దయ్యాక తనకు తాను పెట్టుకున్నది. 1884లో, ఎనిమిదేళ్ల వయసులో, మిషనరీలు ఆమెను ఇండియానా రాష్ట్రంలోని వాబాష్‌లో క్వేకర్లు నడిపే స్కూలుకు తీసుకెళ్లారు. ఎర్రటి ఆపిల్ పళ్లు కాసే దేశం గురించి ఆ పిల్లకు ఆశ పెట్టారు. తల్లికి పంపడం ఇష్టం లేదు. కానీ తమ భూములు లాక్కున్నవాళ్లు తమ పిల్లలకు చదువు బాకీ ఉన్నారనీ, ఆ బాకీ ఇప్పటికైనా తీరడం మొదలైందనీ సర్దిచెప్పుకుని ఒప్పుకుంది. ఆ తల్లి తర్కం నన్ను చాలాకాలం వెంటాడింది. చదువును ఆమె దయగా చూడలేదు, బాకీగా చూసింది.

1900లో అట్లాంటిక్ మంత్లీ పత్రికలో వరసగా వచ్చిన మూడు వ్యాసాల్లో జిట్కాలా షా తన బాల్యం, బడి, టీచరు ఉద్యోగం గురించి రాసింది. స్కూల్లో మొదటిరోజు జుట్టు కత్తిరించే ఘట్టం వాటిలో ఉంది. డకోటా సమాజంలో జుట్టు కురచగా ఉండేది దుఃఖంలో ఉన్నవాళ్లకూ పిరికివాళ్లకూ మాత్రమే. ఆ పిల్ల మంచం కింద దాక్కుంటుంది. బయటికి లాగి, కుర్చీకి కట్టేసి జడలు కోసేస్తారు. విధవల తలలు గొరిగించిన చరిత్ర ఉన్న మనకు ఈ ఘట్టాన్ని విడమరిచి చెప్పనక్కర్లేదు. ఒక స్త్రీ ఎవరికి చెందుతుందో, ఎవరికి చెందదో ఆమె తల మీద రాసే అలవాటు ఏ ఒక్క నాగరికతదీ కాదు.

ఆ వ్యాసాల్లో నన్ను ఇంకా ఎక్కువగా ఆపేది మూడేళ్ల తర్వాత ఆమె ఇంటికి తిరిగి వచ్చిన భాగం. ఆమె ఇప్పుడు ఎవరికీ పూర్తిగా చెందదు. కూతురి దుఃఖం చూడలేక తల్లి ఇంట్లో ఉన్న ఒకే ఒక్క అచ్చుపుస్తకం, ఒక మిషనరీ ఇచ్చిన బైబిల్, తెచ్చి చేతిలో పెడుతుంది. కూతురికి దాన్ని తగలబెట్టాలనిపిస్తుంది. తల్లికి తెలిసిన ఓదార్పు కూతురికి గాయమైపోయింది. అయినా ఆమె 1891లో తల్లికి ఇష్టం లేకపోయినా మళ్లీ అదే స్కూలుకు వెళ్లింది. 1895లో ఎర్లమ్ కాలేజీలో చేరింది. చదువంటే ఆమెకు విముఖత ఉందనుకోవడానికి ఇక్కడ ఆస్కారమే లేదు.

1896లో కాలేజీ వక్తృత్వ పోటీలో గెలిచి ఇండియానా రాష్ట్రస్థాయి పోటీకి వెళ్లింది. మూలవాసీ స్త్రీలను కించపరిచే తిట్టును రాసిన బ్యానరొకటి పోటీకి వచ్చిన వేరే కాలేజీ విద్యార్థులు ఆ హాల్లో ఎగరేశారు. దాని ఎదుటే నిలబడి మాట్లాడింది, రెండో బహుమతి తెచ్చుకుంది. మరుసటి ఏడాది, 1897లో, ఆరోగ్యం దెబ్బతిని పట్టా పుచ్చుకోకుండానే ఎర్లమ్ వదిలింది. తర్వాత కార్లైల్‌లో కొంతకాలం టీచరుగా పనిచేసింది. పిల్లల్ని చేర్పించుకు రమ్మని ఆమెను సొంత రిజర్వేషన్‌కే పంపారు. అక్కడ తల్లి ఇల్లు శిథిలమై ఉంది, చుట్టూ భూముల్లో తెల్లవాళ్లు వచ్చి చేరుతున్నారు. తన మీద జరిగిన పనినే ఇప్పుడు తన చేత చేయిస్తున్నారని గ్రహించాక ఆ ఉద్యోగంలో ఎక్కువకాలం లేదు.

లెక్క ప్రకారం ఈమె డ్రాపవుట్. 1921లో 'అమెరికన్ ఇండియన్ స్టోరీస్' ప్రచురించి, 1926లో నేషనల్ కౌన్సిల్ ఆఫ్ అమెరికన్ ఇండియన్స్ స్థాపించి, 1938లో చనిపోయేదాకా మూలవాసుల హక్కుల కోసం పోరాడిన మనిషి కాలేజీ పట్టీలో మధ్యలో ఆగిపోయిన ఒక పేరు. 2024లో అమెరికా ప్రభుత్వం ఆమె బొమ్మతో పాతిక సెంట్ల నాణెం వేసింది.

ఆమె పక్కన ఇంకో స్త్రీని నిలబెట్టి చూడాలి. నెబ్రాస్కా విన్నెబాగో రిజర్వేషన్‌లో పుట్టిన ఏంజెల్ డి కోరాను చిన్నప్పుడే వర్జీనియాలోని హాంప్టన్ స్కూలుకు తీసుకెళ్లారు. ఆమె పట్టుదలగా చదివి 1896లో స్మిత్ కాలేజీలో పట్టా పుచ్చుకుంది, చిత్రకారిణి అయింది. 1901లో వచ్చిన జిట్కాలా షా 'ఓల్డ్ ఇండియన్ లెజెండ్స్' పుస్తకానికి బొమ్మలు వేసింది. 1906లో కార్లైల్‌లోనే చిత్రకళా విభాగం తీసుకుని, ఏ కళను మరిపించడానికి ఆ స్కూలు పుట్టిందో ఆ తెగల నమూనాలనే తరగతి గదిలో నేర్పింది. మనం ఒకామెను ఓడిపోయిన విద్యార్థినిగా, ఒకామెను గెలిచిన విద్యార్థినిగా చూస్తాం. వాళ్లిద్దరూ కలిసి చేసిన పుస్తకం అలా చూడనివ్వదు. ఒకరు బయటికి వచ్చి, ఒకరు లోపల ఉండి, తమ దగ్గర్నుంచి తీసేసినదాన్ని తిరిగి తెచ్చుకున్నారు.

జిట్కాలా షా ఎర్లమ్ వదిలిన 1897లోనే ఫ్రాన్స్‌లో ఎమిల్ డర్క్‌హైమ్ ఆత్మహత్యల మీద తన గ్రంథం ప్రచురించాడు. అది కాకతాళీయమే. కానీ ఆ రెండు దారులూ డెబ్బై ఎనభై ఏళ్ల తర్వాత ఒకచోట కలిశాయి. సమాజంతో బంధాలు తెగినప్పుడు మనిషి ఆత్మహత్యకు దగ్గరవుతాడన్న డర్క్‌హైమ్ ఆలోచనను 1970లో విలియం స్పేడీ కాలేజీకి అన్వయించాడు. 1975లో విన్సెంట్ టింటో దాన్ని పూర్తి సిద్ధాంతంగా మలిచాడు. చదువులోనూ తోటివారితోనూ విద్యార్థి కాలేజీలో ఎంతగా కలిసిపోతే అంతగా నిలుస్తాడు, కలవకపోతే వెళ్లిపోతాడు. 1987 నాటి 'లీవింగ్ కాలేజ్' పుస్తకంలో ఆయన వాన్ గెనెప్ సంస్కార క్రతువుల సిద్ధాంతాన్ని కూడా తెచ్చాడు. పాత సమూహం నుంచి విడిపోవడం, మధ్య దశ దాటడం, కొత్త సమూహంలో చేరడం. విద్యార్థి తన ఊరినీ ఇంటినీ మానసికంగా వెనక వదలాలన్నది ఇందులో ఇమిడి ఉన్న షరతు.

ఉద్దేశాల్లో టింటోకూ ప్రాట్‌కూ పోలికే లేదు. టింటో చివరిదాకా విద్యార్థులు నిలవాలనే కోరుకున్నాడు, 1993 ముద్రణలో కాలేజీ బయటి సమూహాల అండకు చోటు కూడా ఇచ్చాడు. అయినా 'విడిపోవడం' అనే మొదటి మెట్టు దగ్గర ఆగి చూడండి. తెల్ల మధ్యతరగతి అబ్బాయికి అది ఇల్లు వదిలి హాస్టల్లో చేరడం. తాతముత్తాతల కాలం నుంచి ప్రభుత్వం బలవంతంగా విడదీస్తూ వచ్చిన సమూహంలో పుట్టిన అమ్మాయికి ఆ మాట ఇంకొకటి. 1992లో విలియం టియర్నీ మూలవాసీ విద్యార్థుల అనుభవాలను చూసి సరిగ్గా ఇక్కడే అభ్యంతరం చెప్పాడు. క్రతువు ఒక సంస్కృతి తన పిల్లల్ని తనలోనే ఒక దశ నుంచి ఇంకో దశకు దాటించేది. ఒక సంస్కృతి పిల్లల్ని ఇంకో సంస్కృతిలోకి దాటించడాన్ని క్రతువు అనలేం. పైగా క్రతువులో ఎవరూ ఫెయిలవరు, ఎవరూ మధ్యలో మానెయ్యరు. దాటించే బాధ్యత పెద్దలది.

బంధాలు తెగడం గురించిన ఈ చర్చ మన దేశంలో ఉపమానంగా మిగల్లేదు. 2019 మే నెలలో ముంబైలో పీజీ చదువుతున్న తడ్వి భిల్లు ఆదివాసీ యువ డాక్టరు పాయల్ తడ్వి మరణం తర్వాత ఆమె తల్లి కోర్టు మెట్లెక్కాల్సి వచ్చింది.

నేను కొన్నాళ్లు పాఠం చెప్పిన ఒక డిగ్రీ కాలేజీకి ఏజెన్సీ ఊళ్ల నుంచి కోయ, లంబాడా అమ్మాయిలు వచ్చేవారు. ఫస్టియర్లో సంక్రాంతి సెలవులకు వెళ్లిన వాళ్లలో కొందరు తిరిగి వచ్చేవారు కాదు. నెలరోజులు చూసి పేరు మీద ఎర్ర సిరాతో గీత గీసేవారు. కారణం గడిలో "సొంత కారణాలు" అని ఉండేది. వాళ్ల తెలుగు వినగానే క్లాసులో లేచే నవ్వుకు, హాస్టల్లో వాళ్ల తిండి మీద పడే జోకులకు, సిలబస్ మొత్తంలో వాళ్ల జాతి గురించి ఒక్క పేజీ లేకపోవడానికి ఏ గడీ లేదు. ఆ కారణాల్లో అమ్మాయి సొంతం ఏదో నాకు ఎప్పటికీ అర్థం కాలేదు.

అమెరికా మూలవాసులు ఈ ప్రశ్నను 1960ల చివర్లో తలకిందులు చేశారు. పిల్లల్ని కాలేజీకి తగ్గట్టు మార్చే బదులు తమకు తగ్గ కాలేజీ కట్టుకోవాలనుకున్నారు. 1968లో నవాహో జాతి తన సొంత చట్టంతో నవాహో కమ్యూనిటీ కాలేజీని స్థాపించింది. 1969 జనవరిలో ఆరిజోనాలోని మెనీ ఫార్మ్స్‌లో తరగతులు మొదలయ్యాయి. ఇప్పుడు దాని పేరు డినే కాలేజీ. డినే అన్నది నవాహోలు తమను తాము పిలుచుకునే పేరు. నవాహో అధ్యయన విభాగాన్ని నిర్మించినవాళ్లలో ముఖ్యురాలు రూత్ రోసెల్. 1864లో అమెరికా సైన్యం నవాహోలను వందల మైళ్లు నడిపించి నిర్బంధ శిబిరానికి తోలిన 'లాంగ్ వాక్' గురించి కుటుంబాల్లో చెప్పుకుంటూ వచ్చిన కథనాలను ఆమె సంపాదకత్వంలో కాలేజీ ప్రెస్సే 1973లో పుస్తకంగా వేసింది. అవ్వలు, తాతలు చెప్పినది పాఠ్యపుస్తకమైంది. 1981లో ఆమె నవాహో సమాజంలోని స్త్రీల గురించి విడిగా ఒక పుస్తకం రాసింది. నవాహోలలో వంశం తల్లి వైపు నుంచి లెక్కపెడతారు. అలాంటి సమాజపు ఆడపిల్లలకు విక్టోరియా కాలపు ఇల్లాలి ధర్మాలు నేర్పిన స్కూళ్లు వాళ్ల దగ్గర్నుంచి ఏమేం లాక్కున్నాయో ఆ పుస్తకం పక్కన పెట్టి చూస్తే తెలుస్తుంది.

1978లో గిరిజన కాలేజీలకు ఫెడరల్ నిధులిచ్చే చట్టం వచ్చింది. ఇప్పుడు అలాంటి కాలేజీలు ముప్ఫైకి పైగా ఉన్నాయి. మోంటానాలోని క్రో జాతి కాలేజీ లిటిల్ బిగ్ హార్న్‌కు తొలి అధ్యక్షురాలు జనీన్ పీజ్. ఆమె కాలేజీ నడుపుతూనే, తమ కౌంటీలో మూలవాసుల ఓటుకు విలువ లేకుండా చేసిన ఎన్నికల పద్ధతి మీద ముఖ్య వాదిగా కోర్టుకెళ్లి 1986లో గెలిచింది. పిల్లలు కాలేజీలో నిలవడానికీ వాళ్ల తల్లిదండ్రుల ఓటు చెల్లడానికీ సంబంధం ఉందని అంతకన్నా సూటిగా ఎవరు చెప్పగలరు? సరిహద్దుకు అవతల కెనడాలో క్రీ జాతి విద్యావేత్త వెర్నా కర్క్‌నెస్ 1991లో రే బార్న్‌హార్ట్‌తో కలిసి రాసిన వ్యాసంలో ఈ మార్పును ఒక చిన్న తేడాతో పట్టుకుంది. యూనివర్సిటీ దృష్టిలో విద్యార్థి 'వస్తాడు', విద్యార్థి దృష్టిలో తను 'వెళ్తాడు'. రమ్మనేవాడు మారనక్కర్లేదు, మార్పంతా వచ్చేవాళ్లదే. గౌరవం, వాళ్ల జీవితంతో సంబంధం, ఇచ్చిపుచ్చుకోవడం, బాధ్యత అనే నాలుగింటినీ మూలవాసీ విద్యార్థులు యూనివర్సిటీ నుంచి అడుగుతున్నారని వాళ్లు రాశారు.

గిరిజన కాలేజీల్లో చదివేవాళ్లలో ఎక్కువమంది స్త్రీలు. వాళ్లలో చాలామంది తల్లులు. బ్లాక్‌ఫీట్ జాతికి చెందిన ఐరిస్ హెవీరన్నర్ 2002లో రిచర్డ్ డిసెల్స్‌తో కలిసి ప్రతిపాదించిన కుటుంబ విద్యా నమూనా ఈ వాస్తవం నుంచే పుట్టింది. విద్యార్థినిని ఒంటరి వ్యక్తిగా చూడకుండా ఆమె కుటుంబం మొత్తాన్ని కాలేజీలో భాగం చెయ్యమంటుంది అది. అమ్మమ్మలు, పిల్లలు కాలేజీకి రావాలి. కాలేజీయే ఒక బంధువర్గంలా ఉండాలి.

ఇక్కడ స్త్రీవాదులుగా మనకు ఒక ఇబ్బంది ఉంది, దాన్ని దాటెయ్యకూడదు. మన ఉద్యమం కుటుంబం అనే వ్యవస్థను ప్రశ్నించడంతో గొంతు విప్పింది. చదువు మనలో చాలామందికి ఇంటి నుంచి బయటపడే తలుపు. కుటుంబాన్ని కాలేజీలోకి తేవడమంటే ఆ తలుపు మళ్లీ మూసినట్టు కాదా? మనుమరాలు చదవాలంటే అవ్వ రావాలంటే, పెళ్లి సంబంధం తెచ్చే మేనమామ కూడా రాడా? ఈ భయం ఉత్తిది కాదు. కానీ మనల్ని కుటుంబం కట్టేసినట్టే వాళ్లను రాజ్యం కుటుంబం నుంచి తెంపేసింది. ఇంటి నుంచి బయటపడడం విముక్తి అయ్యేది, ఇంటికి తిరిగి వెళ్లే దారి ఉన్నప్పుడే. ఆ దారి లేని జిట్కాలా షాకు అది ప్రవాసం. ఆమె తల్లితో మాట్లాడలేకపోయిన మాటలే ఆమె సాహిత్యం. తల్లితో పోట్లాడే స్వేచ్ఛా, తల్లి భాషలో పోట్లాడే స్వేచ్ఛా రెండూ కావాలి. రూత్ రోసెల్, ఐరిస్ హెవీరన్నర్ లాంటివాళ్లు కాపాడినది ఆ రెండో స్వేచ్ఛను. మొదటిదాని కోసం పోరాటం వాళ్ల సమాజాల లోపలి ఆడవాళ్లది. దాన్ని వాళ్ల తరఫున బయటివాళ్లు చేసినప్పుడు ఏం జరిగిందో కార్లైల్ కుట్టు తరగతిలో చూశాం.

ఈ ఆలోచన మూలవాసుల దగ్గరే ఆగలేదు. 1997లో సిల్వియా హుర్టాడో, డెబొరా ఫే కార్టర్ అనే ఇద్దరు పరిశోధకురాళ్లు లాటినో విద్యార్థుల మీద చేసిన అధ్యయనంలో, కాలేజీలో కలిసిపోవడమూ 'ఇది నాది' అనిపించడమూ ఒకటి కాదని వాదించారు. కాలేజీ బయటి సమాజంతో, మత బృందాలతో బంధం నిలుపుకున్నవాళ్లలో ఆ భావన బలంగా ఉందని చూపించారు. ఇల్లు వదిలితేనే కాలేజీ దక్కుతుందన్న లెక్కకు ఇది నేరుగా ఎదురు. 2005లో తారా యోసో, మెక్సికన్ మూలాలున్న చికానా రచయిత్రి గ్లోరియా అంజాల్దువా ఆలోచనల మీద ఆధారపడుతూ, వెనకబడ్డవారంటున్న సమూహాల పిల్లలు వెంట తెచ్చుకునే సంపదను జాబితా వేసింది. ఆశ, భాషలు, బంధుత్వం, స్నేహబలం, అడ్డంకులున్న చోట దారి వెతుక్కునే నేర్పు, ఎదిరించే శక్తి. కోయ, తెలుగు, కొంచెం హిందీ, పరీక్షల కోసం ఇంగ్లీషు మాట్లాడే అమ్మాయిని "భాష రాదు" అనే మన స్టాఫ్‌రూములకు ఆ జాబితా అద్దం పడుతుంది.

మన నేల మీద కూడా ఇలాంటి ప్రయత్నం జరగకపోలేదు. 1940లో కుమ్రం భీం హత్య తర్వాత నిజాం ప్రభుత్వం ఆదిలాబాద్ గోండుల వైపు చూడక తప్పలేదు. 1943లో హైమన్‌డార్ఫ్ దంపతులున్న మార్లవాయిలో గోండు టీచర్ల శిక్షణ కేంద్రం మొదలైంది, గోండీ వాచకాలు తయారయ్యాయి. తర్వాత ప్రభుత్వాలు మారాయి, బడి భాష తెలుగైంది. 2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ మళ్లీ గోండి, కోయ, కొలామి, సవర వంటి ఎనిమిది భాషల్లో ప్రాథమిక పాఠాలు మొదలుపెట్టింది. అవి కింది తరగతులు దాటి కాలేజీ దాకా రాలేదు. రాష్ట్ర విభజన చట్టం మాట ఇచ్చిన గిరిజన విశ్వవిద్యాలయాల్లో ఒకటి 2019లో విజయనగరంలో మొదలైంది. ఇంకోదానికి 2023 డిసెంబరులో పార్లమెంటు ఆమోదం ఇచ్చింది. ములుగులోని ఆ విశ్వవిద్యాలయానికి రాజుతో పోరాడిన ఇద్దరు కోయ స్త్రీల పేరు పెట్టారు, సమ్మక్క సారక్క.

పేరు గొప్పదే. కార్లైల్ లాంటి స్కూళ్లు మొదట పేర్లతోనే మొదలుపెట్టాయని గుర్తుంచుకుంటే, పేరు తిరిగి రావడం చిన్న విషయం కాదు. కానీ గేటు మీద సమ్మక్క ఉండి, లోపల కోయ భాషలో ఒక్క పేపరూ లేకపోతే, కోయ అధ్యాపకురాలు లేకపోతే, జాతరకు వెళ్లిన అమ్మాయికి గైర్హాజరు పడితే ఆ పేరు ఏం చేస్తుంది? యూనివర్సిటీల్లో ఉన్న మనం సిలబస్ కమిటీల్లో కూర్చుంటాం, హాస్టల్ వార్డెన్లుగా పనిచేస్తాం, హాజరుపట్టీల మీద సంతకాలు పెడతాం. ఒక అమ్మాయి పేరు మీద గీత గీసే ముందు కారణం గడి పక్కన ఇంకో గడి గీసి, ఆమెను నిలబెట్టుకోవడానికి కాలేజీ ఏం చేసిందో రాయమని అడగడం మన చేతిలో ఉన్న పని. ఆ గడి ఖాళీగా ఉన్నన్నాళ్లు, ఆమె మానేసిందని రాసే హక్కు మనకు లేదు.